చెప్పకుండా వెళ్ళిన దొరగారు

(డయోసిస్ శతవార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగపాఠము)



మన మందిరములు ఎప్పుడు కట్టబడినవో, మన బడులు, ఆసుపత్రులు ఎట్లు వృద్ధిచెందినవో ఈ సభలలో పెద్దలు ఎంతో చక్కగా వివరించారు. మాకు ఇచ్చిన సమయములో మేము అంత పెద్ద సంగతులు చెప్పబోవుటలేదు. ఒక్క బాప్తిస్మపు రిజిష్టరులోని ఒక్క పుటను గురించి మాత్రమే చెప్పదలచాము.

ప్రస్తుతము మేము కాపరత్వము చేయుచున్న సంఘము పాత జర్మను మిషను నాటిన సంఘము. జర్మనీలోని హెర్మన్స్‌బర్గు అను చిన్న ఊరి నుండి బయలుదేరిన లూథరన్ మిషనెరీలు 1865లో సూళ్లూరుపేటలో పని మొదలుపెట్టారు. నాయుడుపేట, గూడూరు, వెంకటగిరి, శ్రీకాళహస్తి, తిరుపతి ప్రాంతములలో తిరిగారు. అప్పటి నెల్లూరు జిల్లా దక్షిణ భాగములో చాలా ఊళ్ళు 2022 నుండి తిరుపతి జిల్లాలో ఉన్నవి. జిల్లాలు మారినవి, మిషనులు మారినవి, రిజిష్టరు మాత్రము అదే బీరువాలో ఉన్నది.

కొన్ని సంవత్సరముల క్రితము జర్మనీ నుండి మాకు ఒక ఉత్తరము వచ్చింది. వ్రాసినది పదవీ విరమణ చేసిన ఒక ఉపాధ్యాయురాలు. ఆమె ముత్తాతగారు మొదటి ప్రపంచయుద్ధమునకు ముందు మా ఊరిలో మిషనెరీగా ఉన్నారట. ఆ ఉత్తరముతో ఒక ఫోటో ప్రతిని పంపింది. పెంకుటింటి వరండాలో ఒక దొర, దొరసాని, ముగ్గురు పిల్లలు, వెనుక తలపాగా చుట్టుకొని నిలుచున్న ఒక తెలుగు మనిషి. ఆమె అడిగినది ఇంతే: “మా ముత్తాత యుద్ధకాలములో ఇండియాలో ఖైదీగా ఉన్నాడని మాత్రము మాకు తెలుసు. ఆ సంవత్సరములను గురించి ఆయన ఇంటిలో ఒక్క మాటైనా చెప్పలేదు. ఆయన ఏమి తప్పు చేశాడు? మీ ఊరిలో ఎవరికైనా తెలుసా?”

ఈ ప్రశ్న మమ్మును కలవరపెట్టింది. వేదాంత కళాశాలలో సంఘచరిత్ర చదివిన రోజులలో, యుద్ధము వలన జర్మను మిషనెరీలు దేశము విడిచిపోయారు అని ఒక్క వాక్యము చదువుకొని, పరీక్షలో అదే వ్రాసి వచ్చాము. ఆ వాక్యము వెనుక ఒక ఇంటివారున్నారని అప్పుడు మాకు తోచలేదు.

మేము సంఘములోని ఒక పెద్దాయన దగ్గరకు వెళ్ళాము. ఎనభై సంవత్సరముల వయస్సువారు. ఫోటో చూపించి, “తాతగారూ, ఈ దొరగారిని గురించి మీ పెద్దలు ఎప్పుడైనా చెప్పారా?” అని అడిగాము. ఆయన ఫోటోను దూరముగా పట్టుకొని చూచి ఇట్లన్నారు:

“మా అవ్వ చెప్పేది అయ్యగారూ. ఒక దొర చెప్పాపెట్టకుండా ఎళ్ళిపోయినాడని. ఆ ఆదివారం మా అమ్మకు బాప్తిస్మం ఇస్తానన్నాడంట. చంటిబిడ్డను ఎత్తుకొని, కొత్త గుడ్డలేసి, మూడు మైళ్ళు నడిచి వచ్చినారంట. గుడి తలుపు తాళం. బంగళా తలుపు తాళం. దొరలకు మన బిడ్డలు గుర్తుంటారా అని మా అవ్వ చచ్చేదాకా అనేది.”

ప్రియులారా, ఒక్క మనిషిని గురించి రెండు దేశములలో రెండు కథలు బ్రతికియున్నవి. అక్కడ ఆయన స్వంత ఇంటివారు ఏదో తప్పు చేసియుంటాడు అనుకొన్నారు. ఇక్కడ మన సంఘస్థులు మనలను మరచి వెళ్ళిపోయాడు అనుకొన్నారు. నూరు సంవత్సరములకు పైగా ఈ రెండు మాటలు ఆయన మీద ఉన్నవి. ఆయన వచ్చి సమాధానము చెప్పుకొనలేడు. ఇక వెదకవలసినది మనమే.

అసలు జరిగినదేమి? 1914 ఆగస్టు 4న బ్రిటను జర్మనీ మీద యుద్ధము ప్రకటించింది. ఆ మాసములోనే ఇండియా ప్రభుత్వము విదేశీయుల ఆర్డినెన్సు తెచ్చింది. విదేశీయులు ఎక్కడ ఉండవలెనో, ఎక్కడికి కదలరాదో నిర్ణయించుటకు ప్రభుత్వమునకు అధికారము వచ్చింది. నిన్నటి వరకు బడి నడిపినవాడు, జ్వరమునకు మందిచ్చినవాడు ఒక్క దినములో శత్రుదేశీయుడు అయ్యాడు. అతడు ఏమి చేశాడు అని కాదు, ఎక్కడ పుట్టాడు అన్నదే ప్రశ్న అయినది.

మొదట చాలామంది మిషనెరీలను వారి మాట మీద నమ్మి, ఊరు దాటకూడదను షరతు మీద వారి స్థలములలోనే ఉండనిచ్చారు. కాని ఆ సంవత్సరము సెప్టెంబరు 22 రాత్రి ఎమ్డెన్ అను జర్మను యుద్ధనౌక మద్రాసు రేవు మీద గుండ్లు ప్రేల్చి, చమురు తొట్లను తగులబెట్టింది. పట్టణములో చాలామంది భయపడి మూటాముల్లె కట్టుకొని పారిపోయారు. మద్రాసుకు సూళ్లూరుపేట ఎంత దూరమో మీకు తెలియును. ఆ తరువాత 1915 మే 7న జర్మను జలాంతర్గామి లుసిటేనియా అను ప్రయాణికుల ఓడను ముంచింది. ప్రజలలో కోపము పెరిగింది. సైనిక వయస్సులో ఉన్న జర్మను పురుషులలో పలువురిని బొంబాయి రాజధానిలోని అహ్మద్‌నగరు శిబిరమునకు చేర్చి ముళ్ళకంచెల మధ్య ఉంచారు. స్త్రీలను, పిల్లలను, వయస్సు మీరినవారిని, మరి కొందరు మిషనెరీలను ఓడ ఎక్కించి, ఇంగ్లండుకు చేర్చి, అక్కడ నుండి వారి దేశమునకు పంపారు. ఆ ఓడ పేరు గోల్కొండ. మన తెలుగు దేశపు కోట పేరు పెట్టుకొన్న ఓడలోనే, మన తెలుగు నేర్చుకొన్న పిల్లలు మన దేశమును విడిచి వెళ్ళారు.

ఇక వెదకుట ఎట్లు జరిగినదో చెప్పుతాము. ఇటువంటి ఉత్తరము మీలో ఎవరికైనా రావచ్చును గనుక ఇది పనికివచ్చును.

మొదటిది, పేరు. జర్మను పేర్లలో కొన్ని అక్షరముల మీద రెండు చుక్కలుంటవి. మ్యూలరు అను పేరును ఒక ఇంగ్లీషు గుమాస్తా చుక్కలు లేకుండ వ్రాస్తాడు, ఇంకొకడు ఒక అక్షరము కలిపి వ్రాస్తాడు, మన ఉపదేశి చెవికి వినబడినట్లు మిల్లరు అని వ్రాస్తాడు. ముగ్గురూ ఒక్కడే. కాబట్టి ఒక్క విధముగా వెదకి, లేదు అని మూసివేయరాదు. పుట్టిన తేది, పుట్టిన ఊరు చేతిలో ఉండవలెను. అవి ఇవ్వగలవారు ఆ ఇంటివారే.

రెండవది, ఏ యుద్ధమో తేల్చుకొనవలెను. అహ్మద్‌నగరు పేరు రెండు యుద్ధములలోను వస్తుంది. 1939 సెప్టెంబరులో మరల జర్మనులను పట్టుకొన్నప్పుడు మొదట అక్కడికే తీసుకొనిపోయారు. తరువాత దేవలాలీ, 1941 నుండి డెహ్రాడూను. 1920వ దశకము మధ్యలో తిరిగి రానిచ్చిన మిషనెరీలలో కొందరికి రెండవసారి కూడ ఇదే గతి పట్టింది. సంవత్సరము చూడక పేరు మాత్రము చూచినయెడల తండ్రిని కొడుకు అనుకొనగలము.

మూడవది, కాగితములు ఎక్కడ ఉన్నవో తెలిసియుండవలెను. మద్రాసు రాజధాని ప్రభుత్వ కాగితములు చెన్నైలో ఎగ్మూరులోని తమిళనాడు రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ఉన్నవి. ఇండియా ప్రభుత్వపు హోము శాఖ దస్త్రములు న్యూఢిల్లీలోని జాతీయ ఆర్కైవ్స్‌లో ఉన్నవి. లండనుకు పోయిన కాగితములు అక్కడి బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నవి. మిషను ఉత్తరములు, హెర్మన్స్‌బర్గు వారు 1854 నుండి వెలువరించిన మిషను పత్రిక జర్మనీలో ఉన్నవి. అన్నిటికంటె సులువైనది జెనీవా. మొదటి యుద్ధములో రెడ్‌క్రాసు అంతర్జాతీయ సంఘమువారు అక్కడ ఖైదీల కొరకు ఒక కార్యాలయము పెట్టి, ఉభయ పక్షముల ఖైదీల పేర్లను లక్షలాది చిన్న కార్డులలో వ్రాశారు. సైనికుల పేర్లేకాదు, పట్టుబడిన సామాన్యుల పేర్లు కూడ ఉన్నవి. 2014లో ఆ కార్డులను ఇంటర్నెట్టులో పెట్టారు. డబ్బు ఇవ్వనక్కరలేదు, ప్రయాణము చేయనక్కరలేదు. కార్డు మీద ఒక సంఖ్య ఉంటుంది. ఆ సంఖ్య పట్టుకొని పోయినయెడల, నిర్బంధించిన ప్రభుత్వము పంపిన జాబితాలోని పుట దొరకును.

మా కుమార్తె కంప్యూటరు ముందు కూర్చుండి నాలుగు రాత్రులు ఆ కార్డులు త్రిప్పింది. ఒక్కొక్క పేరునకు వందలకొలది కార్డులు. నాలుగవ రాత్రి కేక వేసి పిలిచింది. దొరగారి పేరు, పుట్టిన ఊరు సరిపోయినవి. జాబితాలో అహ్మద్‌నగరు అని ఉన్నది. పట్టుకొన్న తేది ఉన్నది. అది 1915లో ఒక గురువారము.

మరునాడు ప్రొద్దుటే రిజిష్టరు తెరచాము. ఆ సంవత్సరపు పుటలో దొరగారి చేతివ్రాత నిటారుగా, సన్నగా ఉన్నది. చివరి వరుసలో ఒక ఆడశిశువు పేరు, తండ్రి పేరు, తల్లి పేరు, ఊరి పేరు ఆయనే వ్రాసియున్నారు. బాప్తిస్మపు తేది గడి మాత్రము ఖాళీగా ఉండి, తరువాత వేరొక సిరాతో, వేరొక చేతితో 1917 అని నింపబడి ఉన్నది. ఆ ఆదివారమునకు ముందుగానే ఆయన ఆ బిడ్డ పేరు వ్రాసిపెట్టుకొన్నారు. గురువారము వారు వచ్చి తీసుకొనిపోయారు.

ఆ పుటను మేము ఆ పెద్దాయనకు చూపించాము. ఆయన కండ్లజోడు పెట్టుకొని, వ్రేలు పెట్టి, అక్షరము తరువాత అక్షరము తల్లి పేరు చదువుకొన్నారు. చాలాసేపు ఏమియు మాట్లాడలేదు. తరువాత, “అయితే మరిచిపోలేదన్నమాట. మా అవ్వకు ఈ మాట చెప్పేదానికి లేదే అయ్యగారూ” అన్నారు. మా దగ్గర జవాబు లేదు.

ఆ పుట ఫోటో తీసి జర్మనీకి పంపాము. మీ ముత్తాతగారు చేసిన తప్పు ఏమియు ఈ కాగితములలో లేదు, ఆయన జర్మనీలో పుట్టినందుకే ఆయనను పట్టుకొన్నారు అని వ్రాశాము. ఆయన భార్య, ముగ్గురు పిల్లలు 1915 నవంబరులో గోల్కొండ ఓడ ఎక్కినట్లు ఆమెకు ఇంటిలోని పాత ఉత్తరముల ద్వారా తరువాత తెలిసినది. శిబిరములలో మిగిలినవారిని 1919, 1920 సంవత్సరములలో ఓడలలో పంపివేశారు. అంటే ఆ చిన్నపిల్లలు నాలుగేండ్లకు పైగా తండ్రిని చూడలేదు. ఇంటిలో ఆయన ఎందుకు మాట్లాడలేదో దీనిని బట్టి ఊహించగలము. నిర్దోషికి కూడ కంచె సిగ్గును అంటగట్టును.

ఇక్కడ ఒక హెచ్చరిక చెప్పవలెను. వెదకినప్పుడెల్లను మనకు ఇష్టమైన జవాబే దొరకదు. రెండవ యుద్ధకాలపు డెహ్రాడూను శిబిరములో హిట్లరును కొనియాడినవారున్నారు, హిట్లరు నుండి పారిపోయి వచ్చినవారును ఉన్నారు. ఇద్దరినీ ఒకే ప్రభుత్వము ఒకే పేరుతో పట్టుకొన్నది. మన పూర్వికుడు ఎవరి ప్రక్కన ఉన్నాడో తెలిసికొనుటకు ధైర్యము కావలెను. సత్యము కావలెనని బయలుదేరినవాడు మధ్యదారిలో, ఈ పుట వద్దు అనరాదు.

మరియొక సంగతి. ఇది ఇంగ్లీషువారు మాత్రమే చేసినదని తలంచవద్దు. 1914 నవంబరు నుండి జర్మనులు తమ దేశములోని బ్రిటిషు పౌరులను బెర్లిను ప్రక్కన రూలెబెన్ అను గుర్రపు పందెముల మైదానములో, గుర్రముల కొట్టములలో ఉంచారు. స్వతంత్రము వచ్చిన తరువాత మన దేశము కూడ ఈ పని చేసింది. 1962లో చైనాతో యుద్ధము వచ్చినప్పుడు అస్సాములో, డార్జిలింగు ప్రాంతములో తరతరములుగా కాపురముండిన చైనా వంశస్థులను సుమారు 3000 మందిని రైలు ఎక్కించి రాజస్థానములోని దేవలీ శిబిరములో పెట్టారు. కొందరు అక్కడ సంవత్సరముల తరబడి ఉన్నారు. వారిలో ఇక్కడే పుట్టి, ఇక్కడి భాషలే మాట్లాడిన పిల్లలున్నారు. కాబట్టి మనము రాళ్ళు ఏరుకొనుటకు ముందు మన చేతులు చూచుకొందము.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాము. దొరగారిని వెదకుటకు పోయి, మేము మరియొకరిని పోగొట్టుకొనియున్నామని తెలిసికొన్నాము.

1915లో బంగళాకు తాళము పడింది. ఆ దొరగారు తిరిగి రాలేదు. యుద్ధము తరువాత వెర్సాయి సంధి 438వ నిబంధన ప్రకారము జర్మను మిషనుల ఆస్తులను అదే విశ్వాసము గల ధర్మకర్తలకు అప్పగించవలసి వచ్చింది. యుద్ధము మూలముగా హెర్మన్స్‌బర్గు వారి పని అమెరికాలోని ఒహాయో లూథరన్ సినడు వారి చేతిలోనికి వచ్చింది. ఇదంతయు చరిత్ర పుస్తకములలో ఉన్నది. కాని దొరను తీసుకొనిపోయిన గురువారమునకును, 1917లో ఆ బిడ్డకు బాప్తిస్మము ఇచ్చిన దినమునకును మధ్య ఆ సంఘమును ఎవరు చూచారు?

రిజిష్టరు త్రిప్పుతూ పోతే ఆ రెండు సంవత్సరములలో వివాహములు లేవు, బాప్తిస్మములు లేవు. సమాధుల పుటలు మాత్రము ఉన్నవి. ఒక తెలుగు చేతివ్రాత, గుండ్రముగా, కొంచెము వంకరగా. ప్రతి చావునకు తేది, పేరు, ఊరు. ప్రక్కన ఉపదేశి అను మాట, రెండు పొడి అక్షరములు. బాప్తిస్మమిచ్చు అధికారము ఆయనకు లేదు. సంస్కారము ఇచ్చు అధికారము లేదు. జీతము పంపు మిషనే మూతపడింది. అయినను చనిపోయినవారిని ఆయన ఒక్కరినీ వ్రాయక విడువలేదు. పది మైళ్ళ దూరములో ఉన్న పల్లెల పేర్లు కూడ అక్కడ ఉన్నవి. అంటే నడిచి వెళ్ళియున్నారు. ఆదివారము తాళము తీసి ప్రార్థన జరిపినది ఆయనే అయియుండవలెను. లేనియెడల 1917లో వచ్చిన క్రొత్త పాదిరిగారికి ఆ బిడ్డను ఎవరు చూపించారు?

ఖైదీ అయిన దొరగారికి జెనీవాలో కార్డు ఉన్నది. ఆయన పేరు లండనులో, ఢిల్లీలో, చెన్నైలో వెదకవచ్చును. బయట మిగిలిపోయి, శత్రువు దగ్గర పనిచేసినవాడు అను మాట పడుచు సంఘమును కాచిన ఆ ఉపదేశికి ఏ దేశములోను కార్డు లేదు. ఉన్నవి రెండు అక్షరములు. ఫోటోలో వెనుక తలపాగాతో నిలుచున్నవారు ఆయనేనేమో అని మేము అనేక మారులు చూచుకొన్నాము. జర్మనీలోని ఆ సోదరి తన ముత్తాతను వెదకింది. మన ముత్తాతను మనము వెదకలేదు.

కనుక ఈ శతవార్షికోత్సవములో మీకు మా మనవి మూడు విషయములు.

మీ ఇండ్లలో పాత కుటుంబ బైబిళ్ళు, ఉత్తరములు, ఫోటోలు ఉన్నయెడల పారవేయవద్దు, తెలియనివారికి ఇచ్చివేయవద్దు. సంఘములోని రిజిష్టరులను చెదలు పట్టకమునుపే ప్రతి పుటను ఫోటో తీయించండి. మన యువకుల చేతులలో ఉన్న ఫోను చాలును. దానికి ఒక్క శనివారము పట్టును.

రెండవది, పెద్దవారిని అడగండి. అడిగినది పేరు, ఊరు, సంవత్సరముతో కాగితము మీద పెట్టండి. వారు చెప్పినది పూర్తిగా సరియైనది కాకపోవచ్చును. ఆ అవ్వ చెప్పినది సరి కాదు. అయినను ఆమె చెప్పియుండకపోతే, ఆ ఖాళీ గడి అర్థము మనకు తెలిసెడిది కాదు.

మూడవది, ఎవరినైనను గురించి చెప్పకుండా వెళ్ళిపోయాడు అని అనబోవునప్పుడు ఒక్క నిమిషము ఆగండి. వెళ్ళినాడా, తీసుకొనిపోయారా అని అడగండి. నేడు మన వీధిలోనికి వేరే భాష మాట్లాడుచు పనికి వచ్చిన కుటుంబమును చూచి మనము ఏమనుకొంటున్నామో అదియు తలంచుకొనండి.

ఆ పెద్దాయన మొన్న మట్టల ఆదివారమున మందిరమునకు వచ్చి, ఆరాధన అయిన తరువాత రిజిష్టరు మరల చూపించమన్నారు. ఈసారి తల్లి పేరు కాదు, సమాధుల పుటలు చూచారు. ఆ రెండు అక్షరముల మీద వ్రేలు పెట్టి, “ఈయన ఎవరి ఇంటివాడో కనుక్కోండి అయ్యగారూ, నేనుండగానే” అన్నారు.

అందుకే ఈ సంచిక చదువుచున్న మీ అందరినీ అడుగుచున్నాము. 1915 నుండి 1917 వరకు పాత జర్మను మిషనులో ఉపదేశిగా ఉన్న పూర్వికులు మీ వంశములో ఉన్నారని మీ పెద్దలు చెప్పియున్నయెడల దయచేసి మాకు తెలియజేయండి. రిజిష్టరు బీరువాలో ఉన్నది. ఆ పేరు వ్రాయుటకు ప్రక్కన స్థలము ఉన్నది.